సందెవేళ గుక్కపెట్టే పసికందు

పగలంతా పాలు తాగుతూ, నిద్రపోతూ, మధ్యలో కళ్ళు తెరిచి తిరిగే ఫ్యానుకేసి చూస్తూ గడిపిన బిడ్డ, సందె దీపం పెట్టే వేళకు ఉన్నట్టుండి గుక్కపెడుతుంది. మొహం కందిపోతుంది. పిడికిళ్ళు బిగుసుకుంటాయి. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుంటాయి. పొట్ట మీద చెయ్యి వేస్తే గట్టిగా తగులుతుంది. పాలిస్తే రెండు గుక్కలు తాగి వదిలేస్తుంది, ఎత్తుకుంటే నిమిషం ఆగి మళ్ళీ అందుకుంటుంది. ఇంట్లో తలా ఒక మాట. గ్యాసు పట్టేసిందని నాయనమ్మ, దిష్టి తగిలిందని పెద్దత్త, పాలు చాలడం లేదేమోనని పక్కింటావిడ. ఆ చివరి మాట వినగానే బాలింత కళ్ళలో నీళ్ళు. రాత్రి తొమ్మిదికో పదికో ఏడుపు దానంతటదే సద్దుమణుగుతుంది. మర్నాడు సాయంత్రం మళ్ళీ అదే తంతు.

డాక్టర్లు దీన్ని కోలిక్ అంటారు. మనం కడుపునొప్పి అంటాం, గ్యాసు అంటాం. మరి గ్యాసే కారణమైతే, పొద్దున తాగిన పాలకు రాని నొప్పి సాయంత్రం తాగిన పాలకే ఎందుకు వస్తుంది? పుట్టిన మొదటి వారంలో లేనిది మూడో వారంలో ఎందుకు మొదలవుతుంది? అదే తల్లి, అవే పాలు, అయినా మూడు నాలుగు నెలలు నిండేసరికి మాయం ఎందుకవుతుంది? ఏం చేస్తే బిడ్డ ఊరడిల్లుతుందో ఈ మూడు ప్రశ్నల్లోంచే తేలుతుంది.

మూడు మూళ్ళ లెక్క

1954లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో పనిచేసిన పిల్లల డాక్టరు మోరిస్ వెసెల్ ఈ ఏడుపుకు ఒక కొలత పెట్టాడు. ఆరోగ్యంగా ఉండి, బాగా పెరుగుతున్న బిడ్డ రోజుకు 3 గంటలకు పైగా, వారంలో 3 రోజులకు పైగా, 3 వారాలకు మించి ఏడిస్తే అది కోలిక్. ఇప్పటికీ చాలామంది డాక్టర్లు ఈ లెక్కే చెబుతారు. 1962లో బ్రేజల్టన్ అనే మరో డాక్టరు 80 మంది మామూలు పిల్లల ఏడుపును తల్లుల చేత రాయించాడు. రెండు వారాల వయసులో రోజుకు సుమారు గంటా ముప్పావు, ఆరు వారాలకు రెండు ముప్పావు గంటలు, పన్నెండు వారాలకు గంటలోపు అని తేలింది. వీళ్ళెవరూ జబ్బు పిల్లలు కారన్నది గుర్తుంచుకోవాలి.

2017లో బ్రిటన్‌లోని వార్విక్ విశ్వవిద్యాలయానికి చెందిన డీటర్ వోల్కే బృందం అనేక దేశాల్లో తల్లిదండ్రులు రాసిన ఏడుపు డైరీలను ఒకచోట చేర్చింది. అవి దాదాపు 8,700 మంది పిల్లలవి. మొదటి ఆరు వారాల్లో పిల్లలు రోజుకు సగటున రెండు గంటల దాకా ఏడ్చారు, పది పన్నెండు వారాలకు అది 68 నిమిషాలకు దిగింది. వెసెల్ కొలతకు సరిపడా ఏడ్చినవాళ్ళు మొదటి ఆరు వారాల్లో 17 నుంచి 25 శాతం, పది పన్నెండు వారాలకు 0.6 శాతం. అంటే అటూ ఇటూగా ప్రతి అయిదుగురిలో ఒకరు ఈ దారిన వెళ్ళేవాళ్ళే, దాదాపు అందరూ దాన్ని దాటేవాళ్ళే.

గ్యాసు ఎక్కడి నుంచి వస్తుంది

పొట్టలో గ్యాసు ఉండడం అబద్ధం కాదు. అది రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి, మింగిన గాలి. రెండోది పెద్దపేగులో తయారయ్యేది. తల్లిపాలలో లాక్టోజ్ అనే చక్కెర ఎక్కువ. చంటిబిడ్డ చిన్నపేగు దాన్ని పూర్తిగా అరిగించుకోలేదు. మిగిలినది పెద్దపేగుకు చేరితే అక్కడ కొత్తగా కాపురం పెట్టిన బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఏడ్చే పిల్లల్లోనూ ఏడవని పిల్లల్లోనూ జరిగేది ఇదే. రోజంతా గ్యాసు వదులుతూ నవ్వుతూ ఉండే పిల్లలు ప్రతి ఇంట్లో ఉన్నారు.

మరి ఏడుపు వేళ పొట్ట ఎందుకు ఉబ్బుతుంది? గుక్కపెట్టి ఏడ్చే బిడ్డ గుక్కగుక్కకీ గాలి మింగుతుంది. కాళ్ళు ముడిచి బలమంతా పెట్టి ఏడుస్తుంటే పొట్ట కండరాలు బిగుసుకుంటాయి, చేతికి గట్టిగా తగులుతాయి. కాసేపటికి గ్యాసు పోతుంది, ఏడుపు కూడా ఆగుతుంది. చూసేవాళ్ళకు గ్యాసు పోయింది కాబట్టి ఏడుపు ఆగిందనిపిస్తుంది. చాలాసార్లు వరస తిరగబడి ఉంటుంది. ఏడుపు ముందు, గ్యాసు తరువాత.

దీనికి బలమైన సాక్ష్యం గ్యాసు మందు నుంచే వచ్చింది. మన మందుల షాపుల్లో దొరికే చాలా చుక్కల మందుల్లో ఉండేది సిమెథికోన్. అది చిన్న చిన్న గాలి బుడగలను కలిపి సులువుగా బయటికి పోయేలా చేస్తుంది. 1994లో అమెరికా డాక్టర్లు కోలిక్ పిల్లలకు కొన్నాళ్ళు సిమెథికోన్, కొన్నాళ్ళు మందులేని ఉత్త చుక్కలు ఇచ్చారు. ఏ సీసాలో ఏముందో తల్లిదండ్రులకు చెప్పలేదు. మందుతో మాత్రమే నెమ్మదించినవాళ్ళు 28 శాతం, ఉత్త చుక్కలతో మాత్రమే నెమ్మదించినవాళ్ళు 37 శాతం. గ్యాసే అసలు దోషి అయితే ఈ అంకెలు ఇలా వచ్చేవి కావు.

త్రేన్పు సంగతీ అంతే. చండీగఢ్‌లోని పీజీఐలో 71 జంటల తల్లీబిడ్డలను రెండు గుంపులు చేసి, ఒక గుంపు తల్లులకు పాలు పట్టాక త్రేన్పు తెప్పించడం నేర్పి, మూడు నెలలు గమనించారు. 2015లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం త్రేన్పు తెప్పించినా కోలిక్ చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, పాలు కక్కడం మాత్రం పెరిగింది. అందుకని భుజాన వేసుకోవడం మానేయమని కాదు. బిడ్డ హాయిగా ఉంటే, త్రేన్పు వచ్చేదాకా అరగంట సేపు వీపు తట్టి నిద్ర చెడగొట్టాల్సిన పని లేదు.

ఆపుకోవడం రాని వయసు

పేగులు పూర్తిగా నిర్దోషులని కూడా అనలేం. పాలను ముందుకు నెట్టే కదలికలకు పుట్టిన కొత్తలో ఇంకా లయ కుదరదు. కోలిక్ పిల్లల రక్తంలో ఆ కదలికలను పెంచే మోటిలిన్ అనే హార్మోను ఎక్కువగా ఉన్నట్టు 1980లలోనే స్వీడన్‌లో గమనించారు. పేగు బ్యాక్టీరియా తేడా కూడా కొందరిలో కనిపిస్తుంది. అయితే సాయంత్రం వేళలకూ ఆరో వారానికీ జవాబు కావాలంటే పొట్ట దాటి మెదడు దాకా వెళ్ళాలి.

పుట్టిన బిడ్డకు రాత్రీ పగలూ తేడా తెలియదు. చీకటి పడగానే నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ లయ మొదటి రెండు మూడు నెలల తరువాతే కుదురుకుంటుంది. ఈలోగా బిడ్డ చూపు, వినికిడి, మెలకువ రోజురోజుకూ పెరుగుతుంటాయి. వెలుతురు, మాటలు, టీవీ, వచ్చీపోయే చుట్టాలు అన్నీ పగలంతా లోపలికి చేరతాయి. సైకిల్ తొక్కడం కొత్తగా నేర్చుకున్నవాడికి పెడల్ వేయడం ముందు వస్తుంది, బ్రేకు వేయడం తరువాత వస్తుంది. ఈ వయసు మెదడుదీ అదే స్థితి. ఏడుపు మొదలుపెట్టడం వచ్చు, ఆపుకోవడం ఇంకా రాదు. పెద్దలకైతే అలిసినప్పుడు కళ్ళు మూసుకుని ఓ మూల కూర్చునే వీలుంది. బిడ్డకు ఆ వీలు మరొకరి ఒంటి ద్వారానే దొరుకుతుంది.

మెదడు వైపు చూడాల్సిన అవసరాన్ని బలపరిచే మరో సంగతి ఉంది. 2013లో ఇటలీ, ఫ్రాన్స్ ఆసుపత్రుల్లో మైగ్రేన్ తలనొప్పి ఉన్న 6 నుంచి 18 ఏళ్ళ పిల్లల చిన్ననాటి వివరాలు అడిగితే, వాళ్ళలో నూటికి డెబ్బై మందికి పైగా పసితనంలో కోలిక్ పిల్లలే. మైగ్రేన్ లేని పిల్లల్లో ఆ సంఖ్య నాలుగో వంతు. కోలిక్ వచ్చిన ప్రతి బిడ్డకూ రేపు తలనొప్పి వస్తుందని దీని అర్థం కాదు. నరాలు సున్నితంగా స్పందించడానికీ ఈ ఏడుపుకీ ఏదో బంధుత్వం ఉందని మాత్రం తెలుస్తోంది.

ఎత్తుకుని నడిస్తే ఏమవుతుంది

ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఊరుకోని బిడ్డ, లేచి నాలుగడుగులు వేయగానే ఊరుకుంటుంది. తల్లులందరికీ తెలిసిన ఈ సంగతిని జపాన్‌లోని రికెన్ సంస్థలో కుమి కురోడా బృందం 2013లో కొలిచి చూసింది. తల్లి బిడ్డను ఎత్తుకుని నడవడం మొదలుపెట్టిన కొద్ది క్షణాల్లోనే ఏడుపు తగ్గింది, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం ఆగింది, గుండె వేగం దిగింది. తల్లి కూర్చుని పట్టుకుంటే అంత మార్పు రాలేదు. ఎలుక తల్లి పిల్లను మెడ పట్టి మోసుకెళ్ళేటప్పుడు కూడా పిల్ల ఇలాగే మెత్తబడి ఊరుకుంటుంది. క్షీరదాలకు ఇది పుట్టుకతో వచ్చిన ఏర్పాటు. తల్లి తనను మోసుకెళ్తుంటే పెనుగులాడకుండా ఉంటేనే పిల్ల ప్రాణం నిలుస్తుంది.

ఇదే బృందం 2022లో మరో మెట్టు ఎక్కింది. ఏడుస్తున్న బిడ్డను అయిదు నిమిషాలు ఆగకుండా ఎత్తుకుని నడిస్తే చాలామంది నెమ్మదించారు, కొందరు నిద్రపోయారు కూడా. తరువాతి చిక్కు అందరికీ అనుభవమే, పక్క మీద వేయగానే లేచిపోతారు. గుండె లయ చూస్తే, బిడ్డ ఉలిక్కిపడేది వీపు పరుపుకు తగిలినప్పుడు కాదు, తల్లి ఒంటి నుంచి విడివడే క్షణాన. అందుకే నిద్రపోయాక మరో అయిదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుని, నిద్ర గట్టిపడ్డాక పడుకోబెట్టమన్నారు.

ఎత్తుకుంటే అలవాటు పడిపోతుందని కసిరే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. ఈ వయసులో ఆ భయం అక్కర్లేదు. 1986లో కెనడాలోని మాంట్రియల్‌లో మామూలు పిల్లలను రోజూ మరికాస్త ఎక్కువసేపు ఎత్తుకున్న ఇళ్ళలో, ఆరు వారాల వయసుకు ఏడుపు 43 శాతం తక్కువగా ఉంది. అయితే కోలిక్ బాగా ముదిరిన పిల్లల్లో అదే పద్ధతి పెద్దగా పనిచేయలేదని తరువాత తేలింది. కాబట్టి ఎత్తుకున్నా ఏడుస్తుంటే, ఎత్తుకున్నవాళ్ళ చేతుల్లో లోపం వెతకొద్దు.

నాయనమ్మ చేతులు

మన ఇళ్ళలో లాలపోసే పద్ధతిని దగ్గరగా చూడండి. నాయనమ్మ పీట మీద కూర్చుని కాళ్ళు చాపుతుంది. నూనె రాసిన బిడ్డను మోకాళ్ళ కిందుగా బోర్లా పడుకోబెట్టుకుంటుంది. బిడ్డ పొట్ట ఆమె పిక్కల మధ్య పల్లంలో ఆనుతుంది. చెంబుతో గోరువెచ్చని నీళ్ళు వీపు మీద ధారగా పడుతుంటే, రెండో చెయ్యి నడుము నుంచి మెడ దాకా మెల్లగా పాకుతుంటుంది. పొట్టకు ఆనిక, వెచ్చదనం, స్పర్శ, ఒకే తీరున పడే నీళ్ళ చప్పుడు. రాని బ్రేకును బయటి నుంచి వేసే సాధనాలన్నీ అక్కడే ఉన్నాయి. కోలిక్ బిడ్డకు ఈ స్నానం పొద్దున్న కాకుండా సాయంత్రం ఏడుపు వేళకు కాస్త ముందు పోసి చూడమని నా సలహా. ముక్కులోంచి, గొంతులోంచి గళ్ళ తీయడం, తలను ఆకారం కోసం నొక్కడం, ఆఖరున సాంబ్రాణి పొగ మాత్రం వద్దు. ఆ పొగ లేత ఊపిరితిత్తులకు మంట.

నీళ్ళు లేకుండా అదే ఆనిక ఇవ్వాలంటే బిడ్డను ముంజేతి మీద బోర్లా వేసుకోండి. తల మోచేతి మడత దగ్గర పక్కకు తిరిగి ఉండాలి, కాళ్ళు ముంజేతికి చెరో వైపు వేలాడాలి, అరచెయ్యి పొట్ట కిందుగా వెళ్ళి తొడను పట్టుకోవాలి. ఇలా ఇంట్లో అటూ ఇటూ నడవండి. నాన్నల ముంజేతులు పొడుగు కాబట్టి ఈ పని వాళ్ళకు బాగా కుదురుతుంది. బోర్లా ఉంచడం మెలకువగా, చేతిలో ఉన్నప్పుడే. నిద్రకు ఎప్పుడూ వెల్లకిలానే.

పొట్ట మర్దనకు పాలు తాగాక కనీసం అరగంట ఆగాలి. పెద్దపేగు బిడ్డ కుడి పక్క కింద మొదలై పైకి వెళ్ళి, పొట్టను అడ్డంగా దాటి, ఎడమ పక్క కిందికి దిగుతుంది. వేళ్ళు కూడా ఆ దారినే, గడియారం ముల్లు తిరిగే వైపే తిరగాలి. తరువాత రెండు మోకాళ్ళూ మెల్లగా పొట్టకు ఆనించి వదలాలి. మర్దన కోలిక్‌ను తగ్గిస్తుందనడానికి గట్టి రుజువు లేదు. మెత్తగా చేస్తే నష్టమూ లేదు, చాలామంది పిల్లలకు హాయిగా ఉంటుంది. కాపడం పెడితే బట్టను ముందు మీ మణికట్టు లోపలి వైపు పెట్టి చూసుకోండి. వేడి నీళ్ళ సంచీ, పొయ్యి మీద నుంచి నేరుగా తీసిన తమలపాకు పసి చర్మాన్ని బొబ్బలెక్కిస్తాయి.

శబ్దం కూడా పనిచేస్తుంది. 1990లో లండన్‌లో అప్పుడే పుట్టిన పిల్లల దగ్గర ఒకే తీరున వచ్చే హోరు వినిపిస్తే, 20 మందిలో 16 మంది అయిదు నిమిషాల్లో నిద్రపోయారు. వినిపించని 20 మందిలో అయిదుగురే. అందుకు యంత్రం కొనక్కర్లేదు, ఫ్యాను చప్పుడు చాలు, చెవి దగ్గర మెల్లగా తీసే జోల ఇంకా మేలు. ఫోనులో పెడితే దూరంగా, తక్కువ చప్పుడుతో పెట్టండి. గది దీపాలు తగ్గించండి, టీవీ కట్టేయండి. చీర ఉయ్యాల ఊపితే మంచిదే, నిద్రపోయాక మాత్రం చదునైన పక్క మీదికి మార్చాలి.

నోట్లో వేసేవి

ఇక్కడ మాత్రం నేను పెద్దవాళ్ళతో విభేదిస్తాను. ఒంటి మీద చేసేవన్నీ దాదాపు మంచివే, చిక్కంతా ఉగ్గుగిన్నెతోనే. వసకొమ్మును సానరాయి మీద అరగదీసి నాకించడం మన ఊళ్ళలో ఇప్పటికీ ఉంది. వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది. అది ఎలుకల్లో కంతులు పుట్టించడంతో అమెరికా 1968లోనే వసను ఆహార పదార్థాల్లో నిషేధించింది. పైగా ఆ రాయి మీది క్రిములు కూడా బిడ్డ నోట్లోకే. తేనెలో ఉండగల బాట్యులిజం బీజాలు ఏడాది నిండని బిడ్డ పేగుల్లో మొలకెత్తి కండరాలను చచ్చుబడేలా చేయగలవు. ఆముదం పట్టిస్తే విరేచనాలు, పొరపోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మొండి న్యుమోనియా. ఇంగువను బొడ్డు చుట్టూ రాస్తే రాశారు, కరిగించి తాగిస్తే రక్తం ఆక్సిజన్ మోసే శక్తి దెబ్బతినవచ్చు. వాము నీళ్ళు, సోంపు నీళ్ళు కూడా చిన్న పొట్టను నింపి పాలకు చోటు లేకుండా చేస్తాయి. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అందుకే.

గ్రైప్ వాటర్ మన వంటింటి వస్తువు అనుకుంటాం. అది 1851లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో విలియం వుడ్‌వర్డ్ తయారుచేసిన మందు. శతపుష్ప గింజల నూనె, వంటసోడా, చక్కెరతో పాటు అప్పట్లో అందులో ఆల్కహాల్ కూడా ఉండేది. బిడ్డ మత్తుగా ఊరుకోవడంలో దాని వాటా ఎంతో ఊహించుకోవచ్చు. బ్రిటన్‌లో 1990లలో ఆల్కహాల్ తీసేశారు. ఇప్పటి సీసాల్లో మిగిలింది తీపి, సువాసన. పురిటికి అమెరికా వెళ్ళే అమ్మమ్మలు సూట్‌కేసులో సర్దుకునే ఆ సీసా కోలిక్‌ను తగ్గిస్తుందనడానికి మంచి రుజువు లేదు.

అంతకంటే జాగ్రత్త పడాల్సింది డైసైక్లోమిన్ ఉన్న చుక్కల మందుతో. అది పేగులను సడలిస్తుంది, కొందరు పసిపిల్లల్లో ఊపిరిని కూడా ఆపింది. ఆరు నెలల లోపు పిల్లలకు ఇవ్వకూడదు. వెనకటి బిడ్డకు రాసిచ్చిన చీటీ చూపించి కొనుక్కొచ్చే అలవాటు మానాలి. కాస్త ఆశ ఉన్నది లాక్టోబాసిల్లస్ రాయిటెరి అనే మేలు బ్యాక్టీరియా చుక్కలతో. 2007లో ఇటలీలో మంచి ఫలితం వచ్చింది, 2014లో మెల్‌బోర్న్‌లో రాలేదు, 2018లో పరిశోధనలన్నీ కలిపి చూస్తే తల్లిపాలు తాగే పిల్లలకు మేలు చేస్తుందని, డబ్బాపాల పిల్లల సంగతి తేలలేదని వచ్చింది. డాక్టరును అడిగి వాడదగ్గది.

బాలింత పథ్యం

బిడ్డ ఏడిస్తే ముందు తల్లి కంచంలోంచి పప్పు పోతుంది, తరువాత వంకాయ, క్యాబేజీ, పండ్లు. చివరికి కారప్పొడి అన్నం మిగులుతుంది. తల్లి పేగుల్లో పుట్టిన గ్యాసు పాలలోకి రాదు. పాలు తయారయ్యేది రక్తం నుంచి, రక్తంలోకి గాలి బుడగలు చేరవు. చేరగలిగేవి తల్లి తిన్న ప్రోటీన్ల ముక్కలు. కొద్దిమంది పిల్లలకు తల్లి తాగే ఆవుపాల ప్రోటీన్ నిజంగానే పడదు. వాళ్ళకు ఏడుపుతో పాటు విరేచనంలో జిగురు, రక్తపు చార, ఒంటి మీద దద్దుర్లు లాంటివి కూడా తరచు ఉంటాయి. అలాంటి అనుమానం ఉంటే డాక్టరును అడిగి రెండు వారాలు పాలు, పెరుగు మానేసి చూడవచ్చు. గేదెపాలకు మారితే లాభం లేదు, ఆ ప్రోటీన్లు ఒకేలాంటివి. తేడా రాకపోతే మళ్ళీ మొదలుపెట్టాలి. కారణం లేకుండా తల్లిని కడుపు మాడ్చడం ఏ బిడ్డకూ మేలు చేయదు.

పాలిచ్చేటప్పుడు చనుమొనతో పాటు చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా బిడ్డ నోట్లోకి వెళ్తే గాలి తక్కువ మింగుతుంది. ఒక వైపు పూర్తిగా తాగనిచ్చి రెండో వైపుకు మార్చాలి. ఇంట్లో సిగరెట్ తాగేవాళ్ళుంటే ముందు మానాల్సింది అది. పొగకూ కోలిక్‌కూ సంబంధం పరిశోధనల్లో కనిపించింది.

[పెట్టె] కోలిక్ అనుకుని ఆగకూడని గుర్తులు

మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీలు, అంతకుమించి జ్వరం. పచ్చని వాంతి, లేదా తాగిన ప్రతిసారీ పాలు చిమ్మేలా వాంతి. విరేచనంలో రక్తం. ఏడుపు లేనప్పుడు కూడా మెత్తబడని పొట్ట. గజ్జల్లో గట్టి వాపు. పాలు పట్టుకోకపోవడం, మందకొడిగా ఉండడం, బరువు పెరగకపోవడం. ఏడుపు మధ్య మధ్య ఆగుతూ, బిడ్డ పాలిపోతుంటే పేగు పేగులోకి దూరి ఉండవచ్చు. ఎప్పుడూ లేనంత కేక పెడితే బట్టలు విప్పి కాలి వేళ్ళు, చేతి వేళ్ళు చూడండి. తల్లి జుట్టు వెంట్రుక ఒకటి వేలికి బిగుసుకుని రక్తం ఆపేయడం జరుగుతుంటుంది. వీటిలో ఏది కనిపించినా ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

ఏడుపు వినేవాళ్ళ సంగతి

గంటల తరబడి ఆ ఏడుపు వింటే ఎంత ఓర్పున్నవాళ్ళకైనా చేతులు వణుకుతాయి. కోపంలో బిడ్డను పట్టుకుని కుదిపినవాళ్ళ ఉదంతాలు ఏడుపు తారస్థాయికి చేరే వారాల తరువాతే ఎక్కువగా కనిపిస్తున్నాయి. మెడ నిలవని బిడ్డను ఒక్కసారి గట్టిగా కుదిపినా మెదడులో రక్తనాళాలు తెగుతాయి. చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. ఓపిక అయిపోతోందనిపిస్తే బిడ్డను పక్క మీద వెల్లకిలా పడుకోబెట్టి, తలుపు చేరవేసి, పది నిమిషాలు బయట నిలబడండి. ఆ పది నిమిషాల ఏడుపు బిడ్డకు హాని చేయదు.

ఇంట్లో మరో మనిషి ఉంటే సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది దాకా వంతులు వేసుకోండి. పిల్లదాన్ని నువ్వే ఊరుకోబెట్టాలని బాలింతకు ఒప్పజెప్పి పక్కకు తప్పుకోకండి, ఆమె అప్పటికే పగలంతా పాలిచ్చి అలిసి ఉంది. ఒక కాగితం మీద ఏడుపు మొదలైన సమయం, ఆగిన సమయం రాసుకుంటూ రండి. ఆరో వారం దాటాక అంకెలు దిగుతుంటే మీ కళ్ళకే కనిపిస్తుంది, డాక్టరుకు చూపించడానికీ పనికొస్తుంది. అయిదు నెలలు నిండాక కూడా దిగకపోతే దాన్ని కోలిక్ ఖాతాలో వేయకూడదు, వేరే కారణం కోసం పరీక్ష చేయించాలి.